చప్పిడి కూరకు ఆవ

ఉప్పు తగ్గించమని డాక్టరు చెప్పిన మనిషి మీ ఇంట్లో ఉంటే, ఆ మనిషి కంచం ముందు కూర్చుని విసుక్కుంటే, దయచేసి "ప్రాణం ముఖ్యమా, నోరు ముఖ్యమా" అని అడగకండి. నన్ను అడిగిన వాళ్లందరికీ "రెండూ" అనే చెప్పాను. ఇప్పటికీ అదే చెబుతాను. నోటికి రుచించకపోతే మనిషి తినడం మానేస్తుంది. తినడం మానేసిన మనిషిని మందులు ఎంతకాలం నిలబెడతాయి?

"కనబడినవాళ్లందరితో దెబ్బలాడే బదులు అదంతా ఒకసారి రాసి పారేయరాదేటి" అన్నాడు బావ. బావ అంటే నా మొగుడు. మాది మేనరికం. అత్త నాకు మేనత్త కూడా, అంటే మా నాన్న అక్క. చిన్నప్పుడు నన్ను చంకనేసుకుని తిప్పిన మనిషి, పెళ్లయ్యాక ఇరవయ్యారేళ్లుగా నాతో పోట్లాడుతున్న మనిషి ఒకరే. టెక్కలిలో డిగ్రీ చదివాను. పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో, పప్పును సైజుల వారీగా వేరుచేసే టేబుళ్లు చూసే ఉద్యోగం. పలాస నుంచి సముద్రం వైపు ఆటోలో అరగంట వెళ్తే మా ఊరు. ఇంటి చుట్టూ కొబ్బరిచెట్లే.

ఫిబ్రవరిలో పాదాలు వాచాయి. రోజంతా నిలబడే ఉద్యోగం కదా, అందుకే అనుకున్నాను. ఒకరోజు టేబుల్ దగ్గర పప్పు ఏరుతున్నామె నా ముఖం చూసి, "ఏటమ్మా, రాత్రంతా ఏడ్సినావేటి? కళ్ల కింద సంచులు కట్టినాయి" అంది.

"నన్ను ఏడిపించేవాడు ఇంకా పుట్టలేదు గానీ, ముందు నీ ట్రేలో ముక్కలు తియ్యి" అన్నాను.

అన్నాను గానీ, ఉద్దానంలో పుట్టి పెరిగినదాన్ని. వాచిన పాదం, ఉబ్బిన ముఖం ఏమిటో మాకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. ప్రతి వీధిలోనూ ఆ జబ్బు చూసిన ఇల్లొకటి ఉంటుంది. మా వీధిలో అది మాదే. మా మావ, అంటే అత్త పెనిమిటి, పద్నాలుగేళ్ల కిందట కిడ్నీలు పాడయ్యే పోయాడు.

పలాసలో ఆసుపత్రి బెంచీ మీద టోకెన్ పట్టుకుని కూర్చున్న ఆ పొద్దు బావ చేతులు ఊరుకోలేదు. టోకెన్ చీటీని మడిచాడు, విప్పాడు, మళ్లీ మడిచాడు. చివరికి అందులో నంబరు చెరిగిపోయి, మా వంతు ఎప్పుడో తెలియక అక్కడి కుర్రదానితో నేను గొడవపడాల్సి వచ్చింది. గొడవపడుతున్నంతసేపూ ధైర్యంగా ఉంది. లోపలికి వెళ్లాక పోయింది.

"కిడ్నీలు సగానికి పైగా దెబ్బతిన్నాయమ్మా. పోయింది తిరిగిరాదు. ఉన్నది నిలబెట్టుకోవచ్చు. మందులు నేను రాస్తాను, మిగతాది మీ వంటిల్లు చూడాలి. జాగ్రత్తగా ఉంటే డయాలసిస్ కొన్నేళ్లయినా దూరం పెట్టొచ్చు" అన్నాడు డాక్టరు.

"ఉండకపోతే?"

"ఈ ఏడాదే రావచ్చు."

పక్క గదిలో డైటీషియన్ అమ్మాయి ఒక కాగితం ఇచ్చింది. ఏవి తినొచ్చో ఒక వరస, ఏవి వద్దో ఒక వరస. ఎండుచేప, ఆవకాయ, అప్పడం, చింతపండు, టమాటా, అరటి, మునగాకు, జీడిపప్పు, కొబ్బరి, కొబ్బరినీళ్లు. ఉద్దానం మొత్తాన్ని తీసుకెళ్లి వద్దన్న వరసలో పెట్టింది. తినొచ్చన్న కూరల్నైనా ముక్కలు కోసి, ఉడికించి, ఆ నీళ్లు పారబోసి, అప్పుడు వండాలట. ఉప్పు రోజుకు చిటికెడు.

"పారబోసిన నీళ్లతోపాటు రుచి కూడా పోతుంది కదమ్మా?" అన్నాను.

"పోతుందండీ" అంది నిజాయితీగా. ఆ నిజాయితీ ఎందుకో నచ్చింది.

ఇంటికొచ్చి ఆ కాగితాన్ని ఫ్రిజ్ తలుపుకి అంటించాను. ఉద్యోగానికి సెలవు పెట్టి పడుకోమన్నారు కాబట్టి వంట అత్త చేతికి వెళ్లింది. "ఉప్పు వద్దట, కూరలు ఉడకబెట్టి నీళ్లు వంచెయ్యాలట" అని రెండు ముక్కలు చెప్పి, పరుపు మీద వాలిపోయాను. ఆ కాగితం మీద ఇంకా పాతిక మాటలున్నాయి. అత్తకు చదువు రాదు. ఈ రెండు సంగతులూ నాకు తెలుసు. వాటిని కలిపి ఆలోచించే తెలివి లేకపోయింది.

మార్చి నెలంతా యుద్ధమే.

"ఏటిది అత్తా? కూరా, కడుగునీళ్లా?"

"కడుగునీళ్లయితే గేదైనా తాగేది. నువ్వు అదీ తాగవు."

"నువ్వు తిని చూడు."

"తిన్నానే. పొద్దున్న నుంచి నేనూ అదే తింతన్నాను. మరేటి, రెండు కుండలు ఎడతానా?"

అది నిజమని చాలా రోజులు నమ్మలేదు. చాటుగా ఎండుచేప వేయించుకుంటోందేమోనని రెండుసార్లు వంటింట్లోకి దొంగలా వెళ్లి చూశాను. లేదు. బావ, అత్త ఇద్దరూ నాతోపాటు ఆ చప్పిడి బీరకాయే తింటున్నారు. బావ తలవంచుకుని గబగబా మింగేసి చెయ్యి కడుక్కునేవాడు. అది చూస్తే జాలి రావాలి. నాకు కోపం వచ్చింది. నా మూలంగా వీళ్లు కూడా ఇలా తింటున్నారన్న బరువు ఒకటి నెత్తినెక్కింది. ఒకరోజు కంచం తోసేశాను. అన్నం అరుగు మీద పడింది. అత్త వంగి మెతుకు మెతుకూ ఎత్తింది. తిట్టి ఉంటే బాగుండేది.

చూడవచ్చిన వాళ్ల సంగతి వేరే చెప్పాలి. మా వైపు ఒంట్లో బాగోలేదంటే ఉత్త చేతుల్తో ఎవరూ రారు, కొబ్బరిబొండాలతో వస్తారు. జ్వరానికి అదే, వాంతులకు అదే, వేడికి అదే, గుండెనొప్పికి కూడా అదే. "కిడ్నీలు కడిగేత్తాదమ్మా, తాగీ" అని ప్రతివాళ్లూ ప్రొఫెసర్లలా చెప్పేవాళ్లు. ఎందుకు వద్దో చెప్పే ఓపిక లేక, "నాకొద్దు, అవతల పెట్టండి" అని ముఖం తిప్పుకునేదాన్ని. బొండాలు వంటింటి మూల గుట్టపడ్డాయి. కోడలికి పొగరని వచ్చినవాళ్లు అనుకున్నారు. మొండితనమని అత్త అనుకుంది.

నెలాఖరుకు ఎముకలు తేలిపోయాయి. రవికలు వదులయ్యాయి. రెండు ముద్దలకే చెయ్యి కడిగేసుకునేదాన్ని. ఒక సాయంత్రం బావతో, "ఇలా ఏళ్ల తరబడి తినడం కన్నా ఈ ఏడాదే ఏదో ఒకటి అయిపోతే నయం" అన్నాను. నోటికి ఎంత మాటొస్తే అంత అనే అలవాటు కదా, ఆ మాట కూడా అలాగే జారింది. అత్త గుమ్మం దగ్గర ఉందని నేను చూడలేదు.

ఏప్రిల్ మొదటివారంలో కూర రుచి మారింది. అదే బీరకాయ, అదే ఆనపకాయ. కానీ నాలుక చివర సన్నగా ఒక తీపి, దాని వెనక పలచగా ఉప్పదనం. మొదటి ముద్దకే ఆగిపోయాను.

"ఉప్పేసినావా?"

"నీ మీద ఒట్టు. ఉప్పురాయి కూడా ఎయ్యలేదు."

"మరేం వేసినావు?"

"నీకెందుకే. తినీ."

అత్త నా మీద దొంగ ఒట్టు పెట్టుకోదు. కాబట్టి తిన్నాను. మారు వడ్డించుకోలేదు గానీ, కంచం ఖాళీ చేశాను. పది రోజులు అలాగే తిన్నాను. బావ మొహంలో రంగొచ్చింది. అత్త నాకు ఎదురుగా పీట వేసుకుని కూర్చుని, నేను నమలడం చూసేది. బాగుందని మాత్రం నేను అనలేదు. ఇరవయ్యారేళ్లలో ఎప్పుడూ అనలేదు, అప్పుడు మాత్రం ఎందుకంటాను?

పదకొండో రోజు పొద్దున్న మంచం మీంచి లేవబోతే కాళ్లు నావి కావన్నట్టున్నాయి. గుండె ఒకసారి ఆగి, రెండుసార్లు ఒక్కసారే కొట్టుకుంటున్నట్టు. చేప ఒడ్డున పడ్డప్పుడు తోక ఎలా కొడుతుందో, అలా. బావ కొబ్బరికాయలు తోలే ఆటోలోనే గోనెలు పరిచి నన్ను పడుకోబెట్టాడు. అత్త నా తల ఒళ్లో పెట్టుకుంది. పలాస చేరేదాకా చిన్నప్పటిలా "గుంటా, గుంటా" అంటూనే ఉంది. మా వైపు గుంటంటే ఆడపిల్ల. పెళ్లయ్యాక నన్ను అలా పిలవడం అదే మొదలు.

సూదులు, వైర్లు, ఏదో పొడి మందు. వాటి గురించి రాయను. గుండె దారికొచ్చాక డాక్టరు మంచం దగ్గరకొచ్చి, "రక్తంలో పొటాషియం ఇంత పెరిగిందంటే తినకూడనిదేదో తిన్నారు. ఏం తిన్నారమ్మా?" అన్నాడు.

ఆ స్థితిలో కూడా వాదించాను. "ఏమీ తినలేదు. మీ మెషీనే తప్పు చూపించిందేమో."

అప్పుడు కాళ్ల దగ్గర నిలబడ్డ అత్త, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "బాబూ... కొబ్బరినీళ్లల్ల ఏటైనా ఉంతాదేటి?" అంది.

ఉడికించి నీళ్లు వంచేసిన కూరని మళ్లీ కొబ్బరినీళ్లలో మగ్గబెట్టిందట. మాకు సముద్రం దగ్గర. మా చెట్ల బొండాం నీళ్లకు చిన్న ఉప్పదనం ఉంటుంది. ఉప్పు వెయ్యకుండా ఉప్పు రుచి ఎలా తేవాలా అని ఆ మనిషి రెండు రాత్రులు ఆలోచించి కనిపెట్టిన ఉపాయం అది. కోడలు మొండికేసి తాగనంది కాబట్టి, కూరలో పెట్టి తాగించింది. మూల ఉన్న గుట్ట ఎందుకు తరిగిపోతోందో నేను ఒక్కసారీ చూసుకోలేదు.

డాక్టరు కోప్పడలేదు. ఆ పుణ్యం ఆయనకి ఉంటుంది. "కొబ్బరినీళ్లు మంచివే పెద్దమ్మా, కిడ్నీ పాడైన వాళ్లకి మాత్రం విషంలా పనిచెయ్యగలవు. మీకెవరూ చెప్పలేదు" అని మెల్లగా చెప్పి వెళ్లిపోయాడు.

అత్త వచ్చి మంచం పక్కన కూలబడింది. నాకు మాత్రమే వినబడేలా అంది. "మీ మావకీ అదే పోసినాన్నే. ఆకర్న ఆయన నోట్లోకి ఏటీ దిగనప్పుడు, రోజుకి రెండు బొండాలు. సలవ సేత్తాదని. నా సేత్తో నానే."

ఆ చెయ్యి పట్టుకున్నాను. కొబ్బరి పీచు ఒలిచి ఒలిచి గరుకెక్కిన చెయ్యి.

"ఆయనకి అప్పటికే చివరికొచ్చేసింది అత్తా. మనకెవరూ చెప్పలేదు" అన్నాను. "ఇప్పుడు మాత్రం చెప్పారు. కాగితం మీద రాసిచ్చారు. నీకు చదివి వినిపించాల్సింది నేను. వినిపించలేదు. తప్పు నాది."

తప్పు నాదని అత్తతో అనడం అదే మొదటిసారి. ఆవిడ విన్నదో లేదో తెలియదు.

మూడు రోజులు అక్కడే ఉంచారు. నడవగలిగాక వరండా బెంచీ మీద కూర్చునేదాన్ని. అక్కడ ఇచ్ఛాపురం అవతలి పల్లె నుంచి వచ్చిన ఒక అమ్మాయి పరిచయమైంది. ముప్పై ఏళ్లుంటాయి. మొగుడికి లోపల డయాలసిస్ జరుగుతున్నంతసేపూ బయట కూర్చుంటుంది. ఇంట్లో ఒడియా, బయట తెలుగు. నన్ను "నానీ" అంది. వాళ్ల భాషలో అక్కని అలాగంటారట.

"తినవేటి నానీ?"

"ఆసుపత్రి కూర నువ్వే తినమ్మా."

ఆ పిల్ల నవ్వి, తన స్టీలు గిన్నె మూత తీసింది. ఘాటు ముక్కులోంచి నడినెత్తికెక్కింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆవాలు, వెల్లుల్లి, పచ్చిమిర్చి నూరి వేసిన బీరకాయ. చెంచాడు నా చేతిలో వేసింది. ఉప్పు లేదు. ఉప్పు లేదన్న సంగతి మింగాక గుర్తొచ్చింది.

"ఉప్పు నాలుకని పట్టుకుంతాది. ఇది ముక్కుని పట్టుకుంతాది. ముక్కు తింటే నోరు ఊరుకుంతాది నానీ. ఆవాలు నానబెట్టాల, రోట్లో నూరాల, పొయ్యి దించేసినాక కలపాల. ఉడికితే సేదు" అంది.

తన మొగుడి కోసం కట్టుకొచ్చిన గిన్నెలోంచి నాకు పెట్టింది. ఆయనకి తక్కువైందేమో ఇప్పటికీ నాకు తెలియదు.

కిటికీ పక్కన కూర్చున్న అత్త ఇదంతా విని, ఆ పిల్ల వెళ్లాక, నా వైపు తిరిగింది. "ఆవ ఎట్టడం మనకి ఆ గుంట నేర్పాలేటి? పనసపొట్టులో నాను ఎట్టిన ఆవకి పెళ్లిపందిట్లో మగాళ్లు తుమ్మేసినారు."

"మరి నెల రోజులుగా ఏం చేసినావు?"

"ఉప్పు, పులుపు నేకుండా ఆవేటని..." అని ఆగిపోయింది.

మే నెలలో అసలు కష్టం మొదలైంది. అత్త పొయ్యి దగ్గరికి రానంది. "నా సెయ్యి మంచిది కాదు" అని వరండాలో చాప వేసుకుంది. నేనే వండాను. అప్పుడు తెలిసింది, ఇన్నాళ్లూ నా చేతి వంట అని నేను మురిసింది ఉప్పూ చింతపండూ అని. ఆవాలు మిక్సీలో వేసి రుబ్బాను. చేదు. బావ ఒకరోజు వండాడు. దాని గురించి కూడా రాయను. మళ్లీ బరువు తగ్గడం మొదలైంది. అప్పటికి నాకు అర్థమైంది ఒకటే. డయాలసిస్ దూరం జరగాలంటే నేను తినాలి, నేను తినాలంటే అత్త లేవాలి.

బతిమాలడం నాకు రాదు. వచ్చిన విద్యే వాడాను. "సరే అత్తా, ఆ ఇచ్ఛాపురం పిల్లని పిలిపిస్తాను. నీకన్నా బాగా పెడుతుంది ఆవ."

"పిలిపించీ. దాని మొగుడికెవులు ఎడతారు, నువ్వా?" అంది చాప మీంచే. కానీ మర్నాడు తెల్లారేసరికి ముఖం కడుక్కుని, చీర మార్చుకుని, గోనెసంచి ఒకటి పట్టుకుని గుమ్మంలో నిలబడింది. "నడు. ఆ డైటు పాప దగ్గరికి. కాగితాలు నాకొద్దు."

సంచిలో ఏముందో ఆసుపత్రిలో తెలిసింది. డైటీషియన్ టేబుల్ మీద అత్త ఒక్కొక్కటే తీసి పెట్టింది. బీరకాయ. వంకాయ. అరటికాయ. మునగాకు రెబ్బ. కందముక్క. ఆవాలు మూట. జీలకర్ర. వెల్లుల్లి. నిమ్మకాయ. చింతపండు ఉండ. బెల్లంముక్క. కాగితంలో చుట్టిన ఎండుచేప. చివరగా ఒక బొండాం, దాన్ని మాత్రం చేత్తో ముట్టకుండా కొంగుతో పట్టుకుని.

"ఇది?" అంటుంది. "పెట్టొచ్చు, ఉడికించి వంచేస్తే" అంటే కుడివైపు. "వద్దు" అంటే ఎడంవైపు. "కొంచెం" అంటే, "కొంచెమంటే ఎంత? నా సేతిలో పోసి సూపించీ." నిమ్మకాయ, వెల్లుల్లి, ఆవాలు కుడివైపు పడ్డప్పుడల్లా వాటిని దగ్గరికి లాక్కునేది, పేకాటలో గెలిచినదానిలా.

వెనక వరసలో వాళ్లు మొదట సణిగారు. "ఇదేటి, సంతా?" అన్నాడొకాయన. నేను జవాబివ్వబోయేలోపే, ఒక ముసలావిడ ముందుకొచ్చి, "ఆ కంద నాకూ పనికిరాదా అమ్మా?" అంది. ఆ తర్వాత సణిగినాయనే మెడ చాచి, "బెల్లం ఎటేపు ఎట్టినారు?" అని అడిగాడు. చదవడం రాక కాగితాల్ని దిండు కింద దాచుకున్న వాళ్లు అక్కడ అత్త ఒక్కతే కాదు. డైటీషియన్ అమ్మాయి ఆరోజు భోజనం మానేసి అందరికీ చెప్పింది. ఆ అమ్మాయికి మంచి మొగుడు దొరకాలి, అది నా దీవెన. దొరక్కపోయినా నష్టం లేదు, ఉద్యోగముంది.

మా ఇంటి పద్ధతి ఇప్పుడు ఇదీ. ఇది నా ఒంటికి చెప్పింది, మీ డాక్టర్ని అడక్కుండా మీది చేసుకోకండి. నాకు చెప్పిన చిటికెడు ఉప్పు కూరలో కలపం. అన్నం కలుపుకునేటప్పుడు పైన చల్లుకుంటాను, నాలుకకు ముందు అదే తగులుతుంది. వెల్లుల్లి నిప్పుల మీద కాల్చి నలపడం, పచ్చిమిర్చి కూడా అంతే. పోపు ఆఖర్న. నిమ్మరసం పొయ్యి దించాక. ఉప్పుకు బదులని అమ్మే ఉప్పు ఒకటుంది, బావ ముచ్చటపడి కొనబోతే డైటీషియన్ ఆపింది. అందులోనూ అదే పొటాషియమట. ఇక ఆవ అత్తదే. రోట్లో ఆవిడ నూరుతుంటే వీధిలో వెళ్లేవాళ్లు తుమ్ముతారు. అన్నిటికన్నా ముఖ్యం, వండే మనిషికి వద్దన్నవాటి పేర్లు నోటితో చెప్పండి. ఎందుకు వద్దో కూడా చెప్పండి.

ఆగస్టులో మళ్లీ రక్తపరీక్ష. బెంచీ మీద ఈసారి టోకెన్ నా చేతిలోనే ఉంచుకున్నాను. డాక్టరు కాగితం చూసి, పాత కాగితం చూసి, "ఉన్నచోటే ఉందమ్మా. దిగలేదు" అన్నాడు. "ఈ ఏడాదికి డయాలసిస్ మాట అనుకోనక్కర్లేదు. ఏం తింటున్నారో అదే తినండి." బావ బయటికొచ్చి గోడవైపు తిరిగి నిలబడ్డాడు. కళ్లు తుడుచుకోనిచ్చాను.

ఇంటికొచ్చి చెప్పాను. అత్త "సరే" అని లోపలికి వెళ్లిపోయింది. మధ్యాహ్నం కంచంలో ఆవ పెట్టిన చేప. అప్పుడే ఒడ్డుకొచ్చిన కానాగంత. పసుపు, కాల్చిన మిర్చి, పైన పచ్చి ఆవ ముద్ద, నిమ్మచుక్క. మొదటి ముద్దకే ముక్కు, చెవులు, మెదడు అన్నీ లేచి కూర్చున్నాయి. ముల్లు కూడా చీకాను. కంచంలో ఇంకేమీ లేదు.

"అత్తా, ఇంకో ముక్క ఎయ్యి."

గరిటె పట్టుకున్న చెయ్యి గాల్లో ఆగింది. ఇరవయ్యారేళ్లలో ఆవిడ వంటకి నేను మారడగడం అదే మొదలు. ఇద్దరికీ తెలుసు. బావకీ తెలుసు, నమలడం ఆపేశాడు. అత్త నా ముఖంలోకి చూసింది, గిన్నెలోకి చూసింది. కళ్లు నిండాయి. ఆవ ఘాటని అనుకోమన్నట్టు ముక్కు ఎగబీల్చింది.

"ఎయ్యను" అంది. "అరసెయ్యిలో సగమంత ముక్క, ఒక్కటే. ఆ పాప అదే సెప్పినాది."

"ఒక్క ముక్కకి ఏం కాదత్తా."

"డాట్రు ఏటన్నాడు? ఎంత తింతన్నావో అంతే తినమన్నాడా నేదా?"

"ఎంత అనలేదు, ఏది అన్నాడు."

"నాకు సదువు రాదు. నాకు అలాగే ఇనబడినాది" అని గిన్నె ఎత్తుకుని లోపలికి పోయింది.

నేను వేలితో కంచం అంచున మిగిలిన ఆవ తుడిచి నాకాను.